స్క్రూ విప్పే ముందు లైసెన్స్ చూసుకోండి: కంప్యూటర్ అప్‌గ్రేడ్‌కి సమగ్ర మార్గదర్శి

పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో నడిపే ఒకన్న కేబినెట్ ఎత్తుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"తమ్ముడూ, ఆల్బమ్ పేజీ ఒక్కటి తెరుచుకునేసరికి టీ తాగి రావొచ్చు. బోర్డు, ప్రాసెసర్ మార్చేసి ర్యామ్ 16 జీబీ వేసెయ్. సాయంత్రానికి కావాలి."

"అలాగేనన్నా. ఇందులో విండోస్ ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి? కంప్యూటర్‌తోపాటే వచ్చింది కదా."

ఆ ఒక్క మాటతో ఆ రోజు పని మొత్తం మారిపోయింది. కంప్యూటర్‌తోపాటు వచ్చిన విండోస్ ఆ కంప్యూటర్‌తోపాటే పోతుంది. బోర్డు, అంటే పార్టులన్నీ బిగించే మదర్‌బోర్డు, మారిస్తే అన్నకి విండోస్ మళ్లీ కొనాలి. ఆ ఖర్చు చాలాసార్లు బోర్డు ధరనే దాటిపోతుంది. ఈ సంగతి ఎస్టిమేట్ రాసేటప్పుడే తెలిస్తే కొనేవాడు ఆలోచించుకుంటాడు. బోర్డు బిగించాక తెలిస్తే గొడవ, టెన్షన్, చివరికి ఎవరో ఒకరు క్రాక్, అంటే లైసెన్స్ లేకుండా నడిపే దొంగదారి, వేసి పంపేయడం.

గుణుపురం రైల్లో కేబినెట్ మోసుకొచ్చేవాళ్లు, పాతపట్నం నుంచి నడిచొచ్చేవాళ్లు, కాశీనగరం వైపు ధాన్యం వ్యాపారులు, అందరికీ నేను నోటితో చెప్పేదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీరు సొంతంగా అప్‌గ్రేడ్ చేసుకున్నా, షాపులో ఇచ్చి చేయించుకున్నా ఈ వరుస పాటించండి.

మొదటి పని: ఒక కాగితం, ఒక పెన్ను

కంప్యూటర్ ఇంకా నడుస్తూ ఉండగానే కూర్చుని, అందులో డబ్బు పెట్టి కొన్న ప్రతి సాఫ్ట్‌వేర్ పేరూ రాయండి. విండోస్, ఆఫీస్, వ్యాపారం లెక్కలు రాసే టాలీ, ఫొటోషాప్, యాంటీవైరస్, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) ఫాంట్ల ప్యాకేజీ, ఏది ఉంటే అది. ఒక్కొక్క పేరు పక్కన నాలుగు విషయాలు రాయాలి: ఎప్పుడు కొన్నారు, బిల్లు ఉందా, కీ గాని సీరియల్ నంబర్ గాని ఎక్కడుంది, ఏ మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అయింది.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. నా అనుభవంలో ఎక్కువ మందిని ముంచేది అదే. ఆ కథ టాలీ దగ్గర చెబుతాను.

లైసెన్స్, అంటే సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కు, మూడు చోట్లలో ఎక్కడో ఒక చోట ఉంటుంది. బోర్డుకి కట్టేసి ఉంటుంది, లేదా మీ అకౌంట్‌లో ఉంటుంది, లేదా చేతితో పట్టుకోగలిగే కీ, డాంగిల్ (పోర్టుకి తగిలించే చిన్న పరికరం) రూపంలో ఉంటుంది. కాగితం మీద ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఈ మూడింటిలో ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే. బోర్డుకి కట్టేసిందాన్ని కదపలేం. అకౌంట్‌లో ఉన్నదాన్ని లాగిన్ తెలిస్తే కదపొచ్చు. డాంగిల్‌ని ఊడదీసి ఇంకోచోట పెట్టొచ్చు గాని, దానికి సరిపడే పోర్టూ డ్రైవరూ ఉండాలి.

విండోస్ ఏ రకమో తేల్చుకోవడం

ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

విండోస్ లైసెన్సుల్లో మనకి తగిలేవి ముఖ్యంగా మూడు. మొదటిది ఓఈఎం. బ్రాండెడ్ ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్‌లో కంపెనీ వేసి ఇచ్చేది ఇదే. అసెంబుల్డ్ మెషీన్‌కి డీలర్ సిస్టమ్ బిల్డర్ ప్యాక్ ఇచ్చి ఉంటే అదీ ఇదే కోవలోకి వస్తుంది. రెండోది రిటైల్, అంటే మీరు విడిగా పెట్టెలోనో ఆన్‌లైన్‌లోనో పూర్తి ధర పెట్టి కొన్నది. మూడోది వాల్యూమ్, ఇది ఆఫీసులకీ కాలేజీలకీ గంపగుత్తగా ఇచ్చేది.

ఓఈఎం అంటే గోడలో కట్టించిన అలమర. ఇల్లు అమ్మితే దాంతోపాటే పోతుంది, పెకలించి పట్టుకుపోలేరు. రిటైల్ అంటే ఇనప బీరువా. ఇల్లు మారితే బండి మీద వేసుకుపోవచ్చు, కానీ ఒకేసారి రెండిళ్లలో ఉండదు. వాల్యూమ్ అంటే ఆఫీసు వాళ్ల బీరువా. మీరు వాడుకుంటున్నారంతే, మీది కాదు.

మీదేదో చూడటానికి విండోస్ బటన్, ఆర్ రెండూ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అని కలిపి టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, డీ, ఎల్, ఐ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. రెండు మూడు సెకన్లు ఆగితే ఒక కిటికీ వస్తుంది. అందులో రెండో వరుసలో ఏ ఛానెలో, అంటే ఏ రకం లైసెన్సో, రాసి ఉంటుంది. ఓఈఎం డీఎం అని ఉంటే కీ మీ బోర్డు చిప్‌లోనే దాగి ఉంది. విండోస్ 8 కాలం నుంచి కంపెనీలు ఇలాగే ఇస్తున్నాయి, అందుకే కొత్త ల్యాప్‌టాప్‌ల అడుగున కీ రాసిన స్టిక్కర్ కనబడదు. వాల్యూమ్ కేఎంఎస్ అని ఉండి, అది మీ ఇంటి కంప్యూటరే అయితే, ఎవరో క్రాక్ వేసి ఇచ్చారని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కేఎంఎస్ యాక్టివేషన్, అంటే ఆఫీసు సర్వర్ ద్వారా లైసెన్స్ సరైనదని ఖాయం చేసుకోవడం, నిజమైన ఆఫీసులో కూడా 180 రోజులే పనిచేస్తుంది, ఈలోగా ఆఫీసు సర్వర్‌ని కలిసి రెన్యూ కావాలి.

రిటైల్ అని కనబడితే సంబరపడే ముందు ఒక చిక్కు ఉంది. 2015, 2016 ప్రాంతంలో విండోస్ 7 నుంచో 8 నుంచో ఉచితంగా 10కి మారిన మెషీన్లన్నిటిలో మైక్రోసాఫ్ట్ ఒకే సాధారణ కీ పెట్టింది. అది కూడా రిటైల్ అనే చూపిస్తుంది. అదే కిటికీలో కీ చివరి ఐదు అక్షరాలు ఉంటాయి. ప్రో ఎడిషన్‌లో అవి 3వీ66టీ అనీ, హోమ్‌లో 8హెచ్‌వీఎక్స్7 అనీ ఉంటే అది ఆ సాధారణ కీ. అప్పుడు అసలు లైసెన్స్ ఏ రకమో తెలియాలంటే పాత విండోస్ ఎలా వచ్చిందో వెతకాలి. పాతది ఓఈఎం అయితే ఉచితంగా వచ్చిన 10 కూడా ఓఈఎమే. స్టూడియో అన్న మెషీన్ సరిగ్గా ఇలాంటిదే. బరంపురంలో అసెంబుల్ చేయించినప్పుడు విండోస్ 8.1 సిస్టమ్ బిల్డర్ డీవీడీ ఇచ్చారు, తర్వాత అది 10 అయింది. కిటికీలో రిటైల్ అని ఉన్నా బోర్డు దాటి రాదు.

ఏ పార్టు మారిస్తే ఏమవుతుంది

ర్యామ్, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె), మానిటర్ మార్చడం వల్ల మామూలుగా విండోస్ యాక్టివేషన్ పోదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేసి, అదే ఎడిషన్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా ఇంటర్నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే నా దగ్గర లేదు అనే ఆప్షన్ నొక్కి ముందుకెళ్లండి. హోమ్ ఉన్నచోట హోమే వేయండి, ప్రో వేస్తే యాక్టివేట్ కాదు. మన దగ్గర పని తెలియని కుర్రాళ్లు చేసే మొదటి తప్పు ఇదే. పెన్‌డ్రైవ్‌లో ప్రో ఉంది కదా అని అందరికీ ప్రో వేసి, యాక్టివేట్ కావట్లేదని క్రాక్ వైపు వెళ్తారు. లోపల చక్కటి హోమ్ లైసెన్స్ ఉండగానే.

ర్యామ్ విషయంలో ఇంకో మెలిక. పాత మెషీన్లలో 32 బిట్ విండోస్ ఉంటుంది. అది 4 జీబీకి మించి వాడుకోదు. 8 జీబీ వేయించి డబ్బు పోసుకున్నా ఫలితం సున్నా. మంచి సంగతి ఏమిటంటే, అదే లైసెన్స్ 64 బిట్‌కి కూడా చెల్లుతుంది, మళ్లీ కొనక్కర్లేదు. కాకపోతే డేటా మొత్తం బ్యాకప్ తీసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి, నేరుగా మారదు.

బోర్డు మార్చడమే అసలు గీత. బోర్డు మారితే మైక్రోసాఫ్ట్ లెక్కలో అది కొత్త కంప్యూటర్. ఓఈఎం లైసెన్స్‌కి ఒకే మినహాయింపు ఉంది. బోర్డు పాడైపోయి, వారంటీలో కంపెనీ వాళ్లు అదే బోర్డో దానికి సమానమైనదో వేస్తే పాత లైసెన్స్ కొనసాగుతుంది. స్పీడు కోసం మీ ఇష్టం కొద్దీ మార్చుకుంటే కొనసాగదు. అందుకని వైశాఖంలో పిడుగులకి బ్రాండెడ్ మెషీన్ బోర్డు పోతే, వారంటీ ఉందేమో చూడకుండా బయట షాపుల్లో మార్పించకండి. వారంటీతోపాటు లైసెన్స్ కూడా పోగొట్టుకున్నవాళ్లవుతారు.

సర్వర్ ఉన్న చిన్న ఆస్పత్రులు, కాలేజీల వాళ్లకి ఒక మాట. విండోస్ సర్వర్ 2016 నుంచి లైసెన్స్ లెక్క ప్రాసెసర్ కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) మీద నడుస్తుంది. ఒక సర్వర్‌కి తక్కువలో తక్కువ 16 కోర్లకి కొనాలి. ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ వేస్తే అదనపు కోర్లకి కూడా లైసెన్స్ కావాలి. ప్రాసెసర్ కొనే ముందు ఈ లెక్క వేయించండి.

రిటైల్ విండోస్‌ని కొత్త బోర్డు మీదికి తేవడం

మీది నిజంగా రిటైల్ అయితే పని సులువే, వరుస తప్పకపోతే.

పాత బోర్డు ఇంకా నడుస్తుండగానే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ దగ్గరికి వెళ్లండి. 10లో అయితే సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్. అక్కడ డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ అయిందని స్పష్టంగా రాసి ఉండాలి. ఆ వాక్యం కనబడేదాకా కేబినెట్ ముట్టుకోకండి. ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కంప్యూటర్‌కి గుర్తుపట్టగల పేరు కూడా పెట్టండి, తర్వాత జాబితాలోంచి దాన్నే ఎంచుకోవాలి. డెస్క్‌టాప్ అనే మాట తర్వాత అర్థంకాని అక్షరాలుంటే నాలుగింటిలో మీదేదో తెలియదు.

బోర్డు మార్చి ఆన్ చేశాక చాలాసార్లు ల్యాన్ (కేబుల్‌తో వచ్చే ఇంటర్నెట్) పనిచేయదు, కొత్త బోర్డు డ్రైవర్ ఉండదు కాబట్టి. ముందే ఆ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) పెట్టండి, నేను ఎక్కువగా అదే చేస్తాను. నెట్ వచ్చాక అదే యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కండి. ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చానని చెప్పే ఆప్షన్ ఒకటి వస్తుంది. దాన్ని నొక్కి, అకౌంట్‌తో లాగిన్ అయి, జాబితాలో మీ కంప్యూటర్ పేరు ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదే అన్న గడిలో టిక్ పెట్టి యాక్టివేట్ కొట్టండి. ఎడిషన్ ఒకటే అయి ఉండాలి. ఇన్నిసార్లే అన్న పరిమితి కూడా ఉంటుంది కాబట్టి సరదాకి బోర్డులు మార్చి చూడొద్దు.

పాత బోర్డుని ఇంకొకరికి అమ్ముతున్నారా? రిటైల్ లైసెన్స్ మీరు తీసుకుపోతున్నారు కాబట్టి అందులో విండోస్ ఉంచి ఇవ్వకూడదు. ముందు చెప్పిన ఆదేశంలోనే స్లాష్ తర్వాత యూ, పీ, కే అని కొడితే పాత మెషీన్ నుంచి కీ తొలగిపోతుంది. దీనికి మాత్రం కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి.

పాత విండోస్ 7 కీ ఉంది కదా, దాంతో 11 యాక్టివేట్ చేయొచ్చా అని ఇప్పటికీ అడుగుతున్నారు. 2023 సెప్టెంబర్‌లో ఆ దారి మూసేశారు.

అసలు బోర్డు మార్చాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, ఇంటెల్ అయితే చాలావరకు 8వ తరం ప్రాసెసర్ లేదా ఆపైది కావాలి. స్టూడియో అన్నది 4వ తరం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రమే వేస్తే పాత లైసెన్స్ నిలుస్తుంది, కానీ 11 రాదు. బోర్డు మారిస్తే 11 వస్తుంది, కానీ లైసెన్స్ కొత్తది కొనాలి. నేను రెండు ఎస్టిమేట్లు రాసిచ్చాను. ఒక కంపెనీ ఆఫీసు నుంచి తీసేసిన 8వ తరం డెస్క్‌టాప్, ప్రో లైసెన్స్ బోర్డులోనే ఉన్నది, మూడో దారిగా చూపించాను. ఓఈఎం లైసెన్స్ మెషీన్‌తోపాటు కొన్నవాడికి వస్తుంది కాబట్టి అది పూర్తిగా చట్టబద్ధం. అన్న అదే తీసుకున్నాడు. పాత మెషీన్‌లోని గ్రాఫిక్స్ కార్డు, కొత్త ర్యామ్ అందులో వేశాం. తక్కువ బడ్జెట్‌లో ఒరిజినల్ కావాలనుకునేవాళ్లకి నేను మనస్ఫూర్తిగా చెప్పే సలహా ఇదే. కొనే ముందు మాత్రం ఆ ఎస్‌ఎల్‌ఎంజీఆర్ ఆదేశం అక్కడే కొట్టించి చూడండి.

డిస్క్‌కి తాళం ఉందేమో

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేనట్టు తాళం పడి, ఉంటుంది, వాడేవాళ్లకి ఆ సంగతే తెలియదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి హోమ్ ఎడిషన్‌లో కూడా చాలా మెషీన్లలో అది తనంతట తానే మొదలవుతుంది. బోర్డు మార్చినా, బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ పోయినట్టే, నేనే కాదు ఎవరూ తీయలేరు. పని మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేసి, పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి. రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో లాగిన్ అయి చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆఫీస్

మైక్రోసాఫ్ట్ 365 అయితే బాధే లేదు. లైసెన్స్ అకౌంట్‌లో ఉంటుంది, ఒకేసారి 5 పరికరాల్లో లాగిన్ అవ్వొచ్చు. పాతదాంట్లో సైన్ అవుట్ చేసి కొత్తదాంట్లో లాగిన్ అవ్వడమే.

ఒక్కసారి డబ్బు కట్టి కొనే ఆఫీస్ 2021, 2024 లాంటివి ఒక కంప్యూటర్‌కే. విడిగా కొన్నదైతే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిందైతే అది ఆ ల్యాప్‌టాప్‌కే, కొత్త మెషీన్‌కి తీసుకుపోలేరు. ఆఫీస్ 2016, 2019 రెండింటికీ సపోర్ట్ విండోస్ 10తోపాటు అదే రోజు ఆగిపోయింది.

టాలీ ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి

టాలీ లైసెన్స్ మీ మెషీన్ వివరాలతో ముడిపడి ఉంటుంది. ఫార్మాట్ కొట్టినా, బోర్డు మార్చినా ఆ ముడి తెగిపోయి ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీల్లో తప్ప ఎంట్రీలు వేయలేరు. వ్యాపారం చేసేవాడికి అది మూతపడినట్టే.

కాబట్టి ఫార్మాట్‌కి ముందే లైసెన్స్ సరెండర్ చేయాలి. టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి హెల్ప్, సెట్టింగ్స్, లైసెన్స్, సరెండర్ దాకా వెళ్లండి. ఇంటర్నెట్ ఉండాలి, రిజిస్టర్ అయిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కావాలి. సరెండర్ అయినట్టు మెసేజ్ వచ్చాక ఫొటో తీసుకోండి. కొత్త మెషీన్‌లో టాలీ ఇన్‌స్టాల్ చేసి సీరియల్ నంబర్, అదే మెయిల్ ఇచ్చి యాక్టివేట్ చేస్తే, ఆ మెయిల్‌కి వచ్చిన కీతో అన్‌లాక్ అవుతుంది. లైసెన్స్ వేరు, డేటా వేరు అని గుర్తుంచుకోండి. సరెండర్ చేసినంత మాత్రాన డేటా కొత్త మెషీన్‌కి రాదు. డేటా ఫోల్డర్ ఎక్కడుందో చూసి విడిగా రెండు చోట్ల కాపీ చేయాలి.

ఇప్పుడు ఆ మెయిల్ కథ. ఒక మార్చి ఆఖరి వారంలో ధాన్యం వ్యాపారం చేసే పెద్దాయన మెషీన్ వచ్చింది. ముందు రాత్రి ఉరుములకి బోర్డు కాలిపోయింది. డిస్క్ బాగుంది, డేటా భద్రంగా దొరికింది. బోర్డే లేనప్పుడు సరెండర్ చేయడానికి వీల్లేదు, అయినా రిజిస్టర్ అయిన అకౌంట్‌తో లాగిన్ అయి పాత మెషీన్ లైసెన్స్‌ని విడిపించుకునే వీలుంది. "మెయిల్ ఏదండీ?" అంటే ఆయనకి తెలియలేదు. నాలుగేళ్ల కిందట టాలీ కొన్నప్పుడు అప్పటి అకౌంటెంట్ తన సొంత మెయిల్ ఇచ్చేశాడు. ఆ అబ్బాయి పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఫోన్ నంబర్ కూడా మారింది. వాళ్ల ఊళ్లో బంధువుల్ని పట్టుకుని, అతన్ని వెతికి, ఓటీపీ చెప్పించుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పెద్దాయన నా షాపు బెంచీ మీదే కూర్చున్నాడు, చేతిలో చిత్తు పుస్తకంతో.

అప్పటి నుంచి నేను ఏ మెషీన్ ముట్టుకున్నా ముందు అడిగేది ఆ మెయిల్ గురించే. లైసెన్స్ యజమాని మెయిల్ మీద, యజమాని ఫోన్ నంబర్‌తో ఉండాలి. అకౌంటెంట్ మీద నమ్మకం లేక కాదు, మనుషులు ఊళ్లు మారతారు కాబట్టి. మీది వేరే వాళ్ల మెయిల్ మీద ఉంటే, ఆ మనిషి అందుబాటులో ఉండగానే ఈ వారంలో మార్పించుకోండి.

శుభలేఖలు వేసేవాళ్లకి, స్టూడియోలకి

మా సరిహద్దు ఊళ్లలో డీటీపీ చేసేవాళ్లకి తెలుగుకి అను, ఒడియాకి అకృతి రెండూ ఉండాల్సిందే. ఒకే పెళ్లికి ఆడపెళ్లివారి కార్డు ఒక భాషలో, మగపెళ్లివారిది ఇంకో భాషలో వేయాల్సి వస్తుంది. ఇలాంటి భాషా ప్యాకేజీలు, ఎంబ్రాయిడరీ, ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని డాంగిల్‌తో వస్తాయి. మన వాళ్లు దాన్ని లాక్ అంటారు. అది తగిలించి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది.

పాత లాక్‌లు ప్రింటర్ పోర్టుకి తగిలించేవి. ఇరవై ఐదు పిన్నుల వెడల్పాటి పోర్టు. కొత్త బోర్డుల్లో ఆ పోర్టు కనబడటం అరుదు. యూఎస్‌బీ నుంచి ఆ పోర్టుకి మార్చే చవక కేబుళ్లు ప్రింటర్‌కి పనిచేస్తాయి గాని లాక్‌ని చాలావరకు గుర్తించవు. బోర్డు మీద గాని, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు రూపంలో గాని నిజమైన పోర్టు ఉండాలి. యూఎస్‌బీ లాక్ అయినా దాని డ్రైవర్ 32 బిట్ విండోస్ కాలం నాటిదైతే 64 బిట్‌లో ఎక్కదు. అందుకని కొత్త మెషీన్ కొనే ముందే లాక్ చేత్తో పట్టుకెళ్లి, ఆ విండోస్ ఉన్న మెషీన్‌లో తగిలించి చూడండి. పనిచేయకపోతే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని కొత్త లాక్‌కి మార్చిస్తారేమో అడగండి. అది కుదరకపోతే పాత మెషీన్‌ని ఆ ఒక్క పని కోసం, ఇంటర్నెట్ తీసేసి, ఓ మూల ఉంచుకోండి. మా దగ్గర పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వాడే కొందరు ఇప్పటికీ అలాగే నడుపుతున్నారు, అందులో తప్పేం లేదు.

అడోబీ క్రియేటివ్ క్లౌడ్ అకౌంట్ మీద నడుస్తుంది, రెండు కంప్యూటర్లలో యాక్టివేట్ చేయొచ్చు. పాతదాంట్లో సైన్ అవుట్ చేసి ఫార్మాట్ కొట్టండి. యాంటీవైరస్ కూడా అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లైసెన్స్ డీయాక్టివేట్ చేసే ఆప్షన్ ఉంటే అది వాడాలి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కి, ఆధార్ వేలిముద్ర పరికరానికి బోర్డుతో సంబంధం లేదు. వాటి లైసెన్స్ ఆ పరికరం మీదే ఉంటుంది, కంప్యూటర్ మీద కాదు. కొత్త మెషీన్‌లో డ్రైవర్, సర్వీస్ వేస్తే చాలు.

చవక కీల సంగతి

మూడు వందలకీ ఐదు వందలకీ విండోస్ ప్రో కీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కీ కొట్టగానే యాక్టివేట్ అవుతుంది కూడా. కానీ అలాంటివి చాలావరకు ఎక్కడో ఒక ఆఫీసుకో కాలేజీకో ఇచ్చిన వాల్యూమ్ కీలు, లేదా తుక్కుకి పోయిన మెషీన్ల ఓఈఎం కీలు. యాక్టివేట్ అవడం వేరు, లైసెన్స్ ఉండటం వేరు. ఆ కీని మైక్రోసాఫ్ట్ బ్లాక్ చేసిన రోజున మీ చేతిలో బిల్లూ ఉండదు, అమ్మినవాడూ ఉండడు.

క్రాక్ విషయం ఇంకా గట్టిగా చెబుతాను. 1957 కాపీరైట్ చట్టంలో 63బీ సెక్షన్ ప్రకారం, తెలిసి తెలిసి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అదే చట్టం, సక్రమంగా కొన్న సాఫ్ట్‌వేర్‌ని పోకుండా కాపాడుకోవడానికి బ్యాకప్ కాపీ తీసుకునే హక్కు కూడా మీకు ఇచ్చింది. చట్టం కన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి. క్రాక్ నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. బ్యాంకు లావాదేవీలు చేసే మెషీన్‌లో కాపలా కుక్కని కట్టేసి తలుపు తీసినట్టు అవుతుంది.

డబ్బు లేకపోతే దొంగదారి ఒక్కటే ఉందనుకోకండి. ఉచితంగా దొరికే లినక్స్, లిబ్రే ఆఫీస్ ఎన్ని బోర్డులు మార్చినా ఎవరినీ అడగవు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. చదువుకునే పిల్లలకి, టైపింగ్ పనికి నేను ధైర్యంగా వేసిస్తాను. టాలీ, ఫొటోషాప్ కావాలనుకునేవాళ్లకి మాత్రం అది సరిపోదు.

బిల్లు, భద్రం

ఒడిశాలో ఉంటూ శ్రీకాకుళంలోనో విశాఖలోనో కొనేవాళ్లం మనం. వ్యాపారానికి కొంటే మీ జీఎస్టీ నంబర్ చెప్పి బిల్లు వేయించండి. ఒడిశా నంబర్ 21తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతాయి. అంకె తప్పు పడితే కట్టిన జీఎస్టీకి క్రెడిట్ తీసుకునే దగ్గర ఇబ్బంది. బిల్లులో సాఫ్ట్‌వేర్ విడిగా ఒక వరుసలో, ఏ ఎడిషనో, రిటైలో ఓఈఎమో రాయించాలి. ఊరికే కంప్యూటర్ సెట్ అని రాసిన బిల్లు లైసెన్స్ దగ్గర ఎందుకూ పనికిరాదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. నీళ్లు దిగాక నా దగ్గరికి వచ్చిన మెషీన్లలో డిస్క్‌లు కొన్ని బతికాయి. వాటి పెట్టెలు, కీ కార్డులు మాత్రం గుజ్జు అయిపోయాయి. ఒక ఆవిడ తడిసిన కార్డుని ఎండలో ఆరబెట్టి తెచ్చింది, 25 అక్షరాల్లో పదకొండు కనబడ్డాయి. బిల్లు, కీ, సీరియల్ నంబర్, మొదట్లో రాసిన ఆ కాగితం, అన్నీ ఫొటో తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఒక కాపీ ఉండనివ్వండి.

పని అయ్యాక

కొత్త మెషీన్ ఇంటికి వచ్చాక కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. విండోస్ యాక్టివేషన్ పేజీ, ఆఫీస్‌లో అకౌంట్ పేజీ, టాలీలో ఈ రోజు తేదీతో ఒక ఎంట్రీ, ఫొటోషాప్‌లో ఒక పాత ఫైలు, ప్రింట్ ఒకటి. సరైనదానికి టిక్ పెట్టండి. ఏదైనా తేలకపోతే అదే రోజు షాపువాడికి చెప్పండి.

పాత డిస్క్‌ని మాత్రం నెల రోజులు ముట్టుకోవద్దు. కవర్‌లో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. స్టూడియో అన్న పదిహేడో రోజున ఫోన్ చేశాడు, ఆల్బమ్ డిజైన్ల ఫాంట్ ఫోల్డర్ ఒకటి కాపీ కాలేదని. ఆ డిస్క్ తీసుకురమ్మన్నాను. పది నిమిషాల్లో దొరికింది.